సీసా వెళ్లిన చోటే దొంగ దొరుకుతాడు

కానిస్టేబుల్ నోటిఫికేషన్ పడిన సీజన్‌లో మహబూబ్‌నగర్ స్టేడియానికో, నల్గొండ మేకల అభినవ్ స్టేడియానికో తెల్లవారుజామున ఐదింటికి వెళ్తే, మనుషులు కనపడకముందే చీకట్లో అడుగుల చప్పుడు వినిపిస్తుంది. 2022 నోటిఫికేషన్ ప్రకారం మగవాళ్లు 1600 మీటర్లు 7 నిమిషాల 15 సెకన్లలో, ఆడవాళ్లు 800 మీటర్లు 5 నిమిషాల 20 సెకన్లలో ఉరకాలి. 800, 1500 మీటర్ల లాంటి పరుగులకు ‘మిడిల్ డిస్టెన్స్’ అని పేరున్నా, ఇక్కడ ఆ మాట ఎవరి నోటా రాదు. ‘ఈవెంట్స్’ అంటారు. మూడో రౌండ్‌లో అందరి కాళ్లూ బరువెక్కుతుంటే ఒకడు తేలిగ్గా దాటుకుంటూ పోతాడు. వెనక నుంచి ఎవరో అంటారు: “వీడేదో సూది ఏసుకొని వచ్చిండు రా.” అందులో సగం పరాచికం, సగం కడుపుమంట.

ఒలింపిక్ 1500 మీటర్ల ఫైనల్ అయ్యాక కూడా పుట్టేది ఇదే మాట. అయితే అక్కడ డోపింగ్, అంటే నిషిద్ధ మందుల వాడకం, జరిగిందో లేదో తేల్చడానికి ఒక పెద్ద ఏర్పాటు ఉంది: మూత్రం, రక్తం పట్టే శాంపిల్ సీసాలు, ల్యాబులు, నిబంధనల పుస్తకాలు, ట్రైబ్యునళ్లు. చిక్కల్లా ఆ సీసా అందరి దగ్గరకూ ఒకేలా వెళ్లకపోవడమే. ఏ దేశంలో ఎంతమంది పట్టుబడ్డారన్న లెక్క చూసి ఎవరు ఎంత మోసం చేస్తున్నారో తెలిసిపోయిందనుకుంటాం. నిజానికి ఆ లెక్కలో ఎక్కువగా కనిపించేది సీసా ఎక్కడిదాకా వెళ్లిందన్న సంగతి. వెళ్లని చోట్లన్నీ అనుమానానికి వదిలేసినట్టే.

ఈ అనుమానం మిడిల్ డిస్టెన్స్ మీదే ఎందుకంత గట్టిగా పడుతుందంటే, ఆ పరుగు స్వభావమే అలాంటిది. 800 మీటర్ల పరుగులో ఒంటికి కావాల్సిన శక్తిలో దాదాపు మూడింట రెండొంతులు ఆక్సిజన్ వాడకం నుంచే వస్తుంది. 1500కి వచ్చేసరికి అది ఐదింట నాలుగొంతుల దాకా వెళ్తుంది. మిగతాది కండబలం, చివరి 200 మీటర్లలో బయటపడే వేగం. కండ పెంచే స్టెరాయిడ్ వంద మీటర్ల వాడికి పనికొస్తుంది, రక్తంలో ఆక్సిజన్ పెంచే ఈపీవో మారథాన్ వాడికి పనికొస్తుంది. మధ్యలో ఉన్నవాడికి రెండూ పనికొస్తాయి. డయాలసిస్ పేషెంట్ ఉన్న ఇళ్లలో ఈపీవో ఇంజెక్షన్ కొత్తేమీ కాదు. ఎర్ర రక్తకణాలు తయారుచెయ్యమని ఎముక మజ్జకు చెప్పే హార్మోన్ అది. కిడ్నీలు దాన్ని చెయ్యలేనప్పుడు బయట నుంచి ఇస్తారు. రక్తహీనత ఉన్నవాళ్లకు ప్రాణం పోసే ఆ మందే ఆరోగ్యంగా ఉన్న రన్నర్‌కు ఆఖరి రౌండ్‌లో ఊపిరి అందిస్తుంది.

అనుమానపు చూపు మొదట గడియారం మీదే పడుతుంది. అంత వేగంగా ఎలా ఉరికాడు అని. ఆడవాళ్ల 800 మీటర్ల ప్రపంచ రికార్డు 1 నిమిషం 53.28 సెకన్లు. చెకోస్లోవేకియాకు చెందిన యార్మిలా క్రతోఖ్విలోవా 1983లో మ్యూనిక్‌లో నెలకొల్పింది. నాలుగు దశాబ్దాలు దాటినా చెక్కుచెదరలేదు. మొరాకో రన్నర్ హిచామ్ ఎల్ గెరూజ్ 1998లో రోమ్‌లో 1500 మీటర్లను 3 నిమిషాల 26.00 సెకన్లలో పూర్తిచేశాడు. ఆ వేగంతో మన ఈవెంట్స్ 1600 ఉరికితే 3 నిమిషాల 40 సెకన్లు పడుతుంది. కానిస్టేబుల్ కటాఫ్ టైమ్‌కి ఆయన రెండోసారి గీత దగ్గరకు వచ్చేస్తాడన్నమాట. వీళ్లిద్దరూ ఏ పరీక్షలోనూ దొరకలేదు. అయితే ఈపీవోని పట్టే పరీక్ష ఒలింపిక్స్‌లోకి వచ్చిందే 2000 సిడ్నీలో. అంతకుముందు నెగెటివ్ వచ్చిందంటే దానికి ఎంత విలువ ఇవ్వాలో చెప్పడం కష్టం. దీనికి రెండో వైపు కూడా ఉంది. ఆ రోజుల్లో నిజాయితీగా ఉరికినవాడికి ‘నేను మందు ముట్టలేదు’ అని రుజువు చేసుకునే దారి కూడా లేదు. పరీక్ష లేకపోవడం దొంగకు వరమైతే, దొరకు శాపమైంది.

గడియారాన్ని నమ్ముకుంటే ఎలా మోసపోతామో చూపే రేసు ఒకటుంది. 2012 లండన్ ఒలింపిక్స్, ఆడవాళ్ల 1500 మీటర్ల ఫైనల్. గెలిచిన టైమ్ 4 నిమిషాల 10.23 సెకన్లు. ఒలింపిక్ ఫైనల్‌కు అది నత్తనడక. మొదట్లో ఎవరూ ముందుకు రాక, గుంపుగా సాగి, చివర్లో ఒక్కసారిగా ఉరికిన రేసు. టైమ్ చూసి ఎవరినీ వేలెత్తి చూపలేం. కానీ ఆ ఫైనల్‌లో దిగిన 13 మందిలో ఐదుగురి ఫలితాలు తర్వాత చెరిగిపోయాయి. స్వర్ణం గెలిచిన టర్కీ రన్నర్ అస్లీ చకీర్ అల్ప్‌తెకిన్, రజతం గెలిచిన గామ్జే బులుత్, నాలుగో స్థానంలో వచ్చిన రష్యా రన్నర్ తత్యానా తొమాషొవా, ఏడో స్థానంలో వచ్చిన బెలారస్ అమ్మాయి, తొమ్మిదో స్థానంలో వచ్చిన మరో రష్యా అమ్మాయి. స్వర్ణం బహ్రెయిన్‌కు చెందిన మరియం యూసుఫ్ జమాల్‌కు వెళ్లింది. ఇద్దరు టర్కీ అమ్మాయిలూ పోయాక రజతం దాకా ఎక్కిన తొమాషొవా 2024లో అదీ పోగొట్టుకుంది. దాంతో ఆ రోజు ఆరో స్థానంలో గీత దాటిన అమెరికన్ షానన్ రౌబరీ 12 ఏళ్ల తర్వాత కాంస్య విజేత అయింది. బ్రిటన్ రన్నర్ లీసా డాబ్రిస్కీ రేసు అయిన వెంటనే, ఇది సమానమైన పోటీ అని తనకు అనిపించడం లేదని బహిరంగంగానే చెప్పింది.

ఇక్కడ గమనించాల్సిన విషయం ఒకటుంది. మొదటి ఇద్దర్నీ లండన్‌లో తీసుకున్న మూత్రం సీసా పట్టివ్వలేదు. పట్టించింది వాళ్ల రక్తపు లెక్కల పుస్తకం. దాన్నే అథ్లెట్ బయలాజికల్ పాస్‌పోర్ట్ అంటారు. అథ్లెటిక్స్‌లో 2009 నుంచి అమల్లో ఉంది. పద్ధతి సూటిగానే ఉంటుంది. ఒక రన్నర్ రక్తాన్ని ఏడాది పొడవునా అప్పుడప్పుడూ తీసి హిమోగ్లోబిన్ ఎంత, అప్పుడే పుట్టిన ఎర్రకణాలు ఎన్ని అని రాసుకుంటూ పోతారు. ఈపీవో ఎక్కించుకుంటే కొత్త కణాలు ఒక్కసారి పెరుగుతాయి. ఆపేస్తే, ఒంట్లో ఇప్పటికే రక్తం ఎక్కువైందని మజ్జ పని తగ్గిస్తుంది, కొత్త కణాలు బాగా పడిపోతాయి. ఈ ఎత్తుపల్లాలు మనిషి సహజ స్థాయితో పొసగకపోతే, మందు దొరక్కపోయినా కేసు నిలబడుతుంది. పక్కవాడి రక్తంతో పోలిక ఉండదు. ఎవరి రక్తాన్ని వాళ్ల పాత రక్తంతోనే పోలుస్తారు.

అసమానత దూరేది ఇక్కడే. మూడేళ్లలో 30 సార్లు రక్తం ఇచ్చినవాడి పాస్‌పోర్ట్ నిండుగా ఉంటుంది. మూడుసార్లు ఇచ్చినవాడిది దాదాపు తెల్లకాగితం. దాన్నిబట్టి వాణ్ని దోషి అనలేం, మంచివాడని సర్టిఫికెట్ కూడా ఇవ్వలేం. పైగా ఈపీవోని చిన్న చిన్న మోతాదుల్లో తీసుకుంటే ఒకటి రెండు రోజుల్లోనే జాడ దొరకడం కష్టమవుతుంది. టెస్టర్ వారం ఆలస్యంగా వస్తే ఖాళీ సీసాతో వచ్చినట్టే. అందుకే ఈ ఆటలో పోటీ రోజు పరీక్ష కంటే, చెప్పాపెట్టకుండా ట్రైనింగ్ రోజుల్లో ఇంటికొచ్చి చేసే పరీక్షకే విలువెక్కువ.

అలా చెప్పకుండా రావాలంటే రన్నర్ ఎక్కడుంటాడో ముందే తెలియాలి. టెస్టింగ్ పూల్‌లో, అంటే ఆకస్మిక పరీక్షల జాబితాలో ఉన్నవాళ్లు రోజూ ఉదయం 5 నుంచి రాత్రి 11 మధ్య ఒక గంట తాము ఎక్కడుంటారో ఆన్‌లైన్‌లో నింపాలి. 12 నెలల్లో మూడుసార్లు దొరక్కపోతే, లేదా వివరాలు సరిగా ఇవ్వకపోతే, మందు వాడినా వాడకపోయినా నిషేధమే. 2017 ప్రపంచ 1500 మీటర్ల చాంపియన్, కెన్యా రన్నర్ ఎలైజా మనాంగోయ్‌కి ఇలాగే రెండేళ్ల నిషేధం పడింది. లండన్‌లోనో ఆస్లోలోనో ఫ్లాట్ నంబర్ కొడితే టెస్టర్ తలుపు ముందుంటాడు. దేవరకొండ అవతల ఒక తండాలో ఉన్న రన్నర్‌కు ఇంటి నంబర్ ఉంటుంది గానీ వీధి పేరు ఉండదు, కాలింగ్ బెల్ ఉండదు, ఫోన్ సిగ్నల్ గుట్ట ఎక్కితే గానీ రాదు. ఇద్దరికీ వర్తించే నిబంధన మాత్రం ఒక్కటే.

కెన్యాలో ఈ మెలికలన్నీ ఒకే చోట కనిపిస్తాయి. 2008 బీజింగ్ ఒలింపిక్స్‌లో మగవాళ్ల 1500 స్వర్ణం బహ్రెయిన్ తరఫున ఉరికిన రషీద్ రమ్జీది. నిల్వ ఉంచిన శాంపిళ్లను మళ్లీ పరీక్షిస్తే కొత్త రకం ఈపీవో బయటపడింది. పతకం రెండో స్థానంలో ఉన్న కెన్యా కుర్రాడు ఆస్బెల్ కిప్రోప్‌కు వెళ్లింది. అన్యాయం సరిదిద్దారని అందరూ సంతోషించారు. 2011, 2013, 2015 ప్రపంచ టైటిళ్లూ ఆయనవే. 2017 నవంబర్‌లో కెన్యాలోని ఇటెన్ ఊళ్లో ఆయన ఇంటికి వచ్చి తీసిన శాంపిల్‌లో ఈపీవో దొరికింది, నాలుగేళ్ల నిషేధం పడింది. టెస్టర్లు ముందు రోజే ఫోన్ చేసి వస్తున్నామని చెప్పారని, డబ్బు కూడా అడిగారని కిప్రోప్ ఆరోపించాడు. నిబంధనకు విరుద్ధంగా ముందస్తు సమాచారం వెళ్లిన మాట నిజమేనని, ఈ ఆటలో డోపింగ్ కేసులు చూసే అథ్లెటిక్స్ ఇంటెగ్రిటీ యూనిట్ ఒప్పుకుంది. అయినా శాంపిల్ చెల్లుతుందని ట్రైబ్యునల్ తేల్చింది. చెప్పి వచ్చిన రోజే ఒక ప్రపంచ చాంపియన్ దొరికాడు. అలా ఫోన్ వెళ్లిన మిగతా రోజుల్లో ఎంతమంది తప్పించుకుని ఉంటారో ఊహించుకోవాల్సిందే.

2018లో ఇంటెగ్రిటీ యూనిట్ కెన్యా, ఇథియోపియా, బహ్రెయిన్, మొరాకో, నైజీరియా, బెలారస్, ఉక్రెయిన్‌లను డోపింగ్ ముప్పు ఎక్కువున్న ‘ఏ’ కేటగిరీలో పెట్టింది. ఆ కేటగిరీలో ఉన్న దేశం రన్నర్ ఒలింపిక్స్‌కో ప్రపంచ పోటీలకో వెళ్లాలంటే అంతకుముందు పది నెలల్లో కనీసం మూడు ఆకస్మిక పరీక్షలు అయి ఉండాలి. మిగతా దేశాలకు ఈ షరతు లేదు. పైకి ఇది వివక్షలా కనిపిస్తుంది. కానీ సమస్య సరిగ్గా ఎక్కడుందో పట్టుకున్నది ఈ షరతే. ప్రపంచంలో మొదటి పదిమంది ఏ దేశం వాళ్లయినా వాళ్ల ఇంటికి టెస్టర్లు వస్తూనే ఉంటారు. చీకటి ఉన్నది ఆ కింద. నలభయ్యో ర్యాంకులో ఉన్నవాడు ఒక్క ఏడాదిలో ఐదో ర్యాంకుకు ఎగబాకితే, ఆ ఎగబాకిన ఏడాది మొత్తం వాడు ఏ పూల్‌లోనూ ఉండడు. సీసా వచ్చేసరికి చేయాల్సిందంతా అయిపోయి ఉంటుంది.

దీని వెనక రవాణా కథ కూడా ఉంది. పాస్‌పోర్ట్ రక్తాన్ని చల్లగా ఉంచి, గంటల లెక్కన ల్యాబ్‌కు చేర్చాలి. 2018లో నైరోబీలో ల్యాబ్ తెరిచేదాకా, ప్రపంచంలో అతి ఎక్కువమంది దూరపు పరుగు వీరులున్న దేశం నుంచి రక్తం విమానంలో పరాయి దేశానికి వెళ్లేది. విమానం టైమ్ చూసుకుని టెస్టర్ బయల్దేరాలి. ఆ టైమ్ టెస్టర్‌కు తెలిస్తే మోసగాడికీ తెలుస్తుంది.

సీసాకీ నిజానికీ ఎంత ఎడం ఉందో 2011 డేగు ప్రపంచ అథ్లెటిక్స్ పోటీల్లో ఒక సర్వే లెక్కగట్టింది. జవాబు ఎవరిదో పరిశోధకులకే తెలియని పద్ధతిలో ప్రశ్నలు అడిగితే, గత ఏడాదిలో డోపింగ్ చేసినవాళ్లు సుమారు 43.6 శాతం అని అంచనా తేలింది. అదే పోటీల్లో మూత్ర పరీక్షలు పట్టింది దాదాపు అర శాతం. సర్వే పద్ధతి మీద వాదనలున్నాయి, అంకెను సగానికి తగ్గించుకున్నా ఎడం అలాగే ఉంటుంది. పైవాళ్ల సంగతి ఇంకొకటి. అప్పటి ప్రపంచ అథ్లెటిక్స్ అధ్యక్షుడు లామీన్ జాక్, రష్యా అథ్లెట్ల కేసులు తొక్కిపట్టడానికి డబ్బు తీసుకున్నాడని 2020లో పారిస్ కోర్టు శిక్ష వేసింది. కాపలాదారే దొంగలతో కలిసిన కాలంలో వచ్చిన నెగెటివ్ రిపోర్టులకు ఏం విలువ కడతాం?

ఇక మన దేశం. ప్రపంచ డోపింగ్ నిరోధక సంస్థ ‘వాడా’ లెక్కల ప్రకారం 2022లో ఇండియాలో 3,865 శాంపిళ్లు తీస్తే 125 పాజిటివ్. అంటే 3.2 శాతం. రెండు వేలకు పైగా పరీక్షలు చేసిన దేశాల్లో అదే అత్యధికం. 2023లో 5,606 శాంపిళ్లకు 3.8 శాతం, 2024లో 7,113కి 260 పాజిటివ్‌లతో 3.6 శాతానికి పైగా. ప్రపంచ సగటు ఒక శాతం లోపే. 2023లో చైనా 28 వేలకు పైగా శాంపిళ్లు తీసింది, పాజిటివ్ 0.2 శాతం. పరీక్షలు పెంచాం కాబట్టి కేసులు పెరిగాయన్నది మనవాళ్ల సమాధానం. కేసుల సంఖ్యకు అది సరిపోతుంది, శాతానికి సరిపోదు. వల పెద్దదైతే చేపలు ఎక్కువ పడతాయి, కానీ ప్రతి వంద చేపల్లో చెడ్డవి ఎన్నున్నాయన్నది వల సైజును బట్టి పెరగదు. అలాగని చైనా లెక్కను చూసి మురిసిపోవాల్సిన పనీ లేదు. తక్కువ శాతం అంటే శుభ్రమని కావొచ్చు, తెలివిగా దాచుకున్నారని కూడా కావొచ్చు.

మన దగ్గర ఎక్కువగా దొరికేవి స్టానోజొలాల్ లాంటి పాతకాలపు స్టెరాయిడ్లు. వాటి జాడలు మూత్రంలో వారాల తరబడి ఉంటాయి. సైన్సు తెలిసిన డాక్టర్ పక్కనున్నవాడు వాటి జోలికి పోడు. ఎవరో సీనియర్ చెప్పాడని జిమ్ దగ్గర కొనుక్కున్న జిల్లా స్థాయి కుర్రాడే వాటితో దొరుకుతాడు.

దొరికినా ఆ ఫలితం ఎప్పుడొస్తుందన్నది మరో లాటరీ. 2019 మార్చిలో పటియాలాలో ఫెడరేషన్ కప్‌లో తమిళనాడు రన్నర్ గోమతి మారిముత్తు ఇచ్చిన శాంపిల్ పాజిటివ్ అయింది. ఆ ఫలితం టైమ్‌కు రాకపోవడంతో ఏప్రిల్‌లో దోహా ఆసియా చాంపియన్‌షిప్స్‌లో ఆమె 800 మీటర్లు ఉరికి స్వర్ణం గెలిచింది, దేశమంతా పండగ చేసుకుంది. తర్వాత నాలుగేళ్ల నిషేధం, పతకం వెనక్కి. అదే ఏడాది ఆగస్టులో ఢిల్లీలోని నేషనల్ డోప్ టెస్టింగ్ ల్యాబ్‌ను వాడా సస్పెండ్ చేసింది. తిరిగి గుర్తింపు వచ్చింది 2021 డిసెంబర్‌లో. అంతకాలం మన శాంపిళ్లు దేశం దాటి వెళ్లాయి.

సీసా కనపడితే ఏమవుతుందో 2023 సెప్టెంబర్‌లో ఢిల్లీ రాష్ట్ర అథ్లెటిక్స్ పోటీల్లో తేలిపోయింది. మన దేశపు డోపింగ్ నిరోధక సంస్థ ‘నాడా’ అధికారులు స్టేడియానికి వచ్చారని తెలియగానే చాలామంది మాయమయ్యారు. మగవాళ్ల వంద మీటర్ల ఫైనల్‌లో గీత దగ్గర నిలబడింది ఒకే ఒక్కడు. జూనియర్ అమ్మాయిల స్టీపుల్‌చేజ్‌లో ఒక రన్నర్ గీత దాటాక కూడా ఆగలేదు. వెనక డోపింగ్ అధికారి, ముందు ఆ అమ్మాయి. అంతకుముందే బాత్రూముల్లో వాడిన సిరంజిలు దొరికాయి. ఒక్క రోజు సీసా వచ్చినందుకే ఇదంతా బయటపడింది. రాని రోజుల్లో ఇదే మైదానంలో పతకాలు పంచేవాళ్లు.

పరీక్ష అంటే సూదిపోటో సంతకమో అనుకునేవాళ్లకు అసలు తంతు తెలియదు. రేసు అవగానే ఒకరు పక్కన చేరి, ఇక కళ్ల ముందు నుంచి కదలనివ్వరు. రన్నర్ తనే సీల్ ఉన్న గిన్నె ఎంచుకోవాలి. బాత్రూమ్‌లో చొక్కా ఛాతీ దాకా ఎత్తి, ప్యాంటు తొడల కిందకు దించి, అదే జెండర్ అధికారి సూటిగా చూస్తుండగా కనీసం 90 మిల్లీలీటర్లు ఇవ్వాలి. మే నెల ఎండలో 1500 ఉరికి ఒళ్లు ఎండిపోయినవాడికి అది రెండు మూడు గంటల పని. నీళ్లు మరీ తాగితే మూత్రం పలచనై మళ్లీ ఇవ్వమంటారు. తర్వాత తన చేత్తోనే ‘ఏ’ సీసాలో, ‘బీ’ సీసాలో పోసి మూత బిగించాలి. పద్దెనిమిదేళ్ల పల్లెటూరి అమ్మాయికి ఇది మొదటిసారి అయితే, టెన్షన్‌లో ఇంకో గంట.

పరీక్ష తప్పు చెప్పే రోజులూ ఉన్నాయి. 2002 బుసాన్ ఆసియా క్రీడల్లో 1500లో స్వర్ణం, 5000లో కాంస్యం గెలిచిన సునీతా రాణి నాండ్రొలోన్ అనే స్టెరాయిడ్ వాడిందని పతకాలు లాక్కున్నారు. మనవాళ్లు పట్టుబట్టి అడిగితే సోల్ ల్యాబ్ పనిలో లోపాలు బయటపడ్డాయి, పతకాలు తిరిగొచ్చాయి. ఆమె టైమ్ 4 నిమిషాల 6.03 సెకన్లు మళ్లీ జాతీయ రికార్డయింది. 19 ఏళ్లు నిలిచిన ఆ రికార్డు బద్దలైంది తెలంగాణలోనే. 2021 సెప్టెంబర్‌లో హన్మకొండ జవహర్‌లాల్ నెహ్రూ స్టేడియంలో హర్మిలన్ బైన్స్ 4 నిమిషాల 5.39 సెకన్లలో ఉరికింది. ‘పాజిటివ్ అట’ అన్న వార్త దగ్గరే ఆగిపోయి ఉంటే, ఆ రోజు బద్దలు కొట్టడానికి ఆ రికార్డే ఉండేది కాదు.

నల్గొండ, నాగర్‌కర్నూల్ పల్లెల్లో పిల్లలకు సీసా ఎదురయ్యేది రాష్ట్రం దాటి జాతీయ మీట్‌కు వెళ్లిన రోజున. అప్పటిదాకా వాళ్ల ఒంట్లోకి ఏం వెళ్లిందో ఎవరూ పట్టించుకుని ఉండరు. మోకాలు వాస్తే ఊళ్లో ఆర్ఎంపీ దగ్గరకు వెళ్తారు, ఆయన డెక్సా సూది వేస్తాడు. అది గ్లూకోకార్టికాయిడ్, అంటే వాపు తగ్గించే రకం స్టెరాయిడ్. సూదిగా తీసుకుంటే పోటీ రోజుల్లో 2022 నుంచి పూర్తిగా నిషేధం. దగ్గొస్తే మెడికల్ షాపువాడు ఇచ్చే కొన్ని సిరప్‌లలో టెర్బ్యుటలిన్ ఉంటుంది. పోటీ ఉన్నా లేకున్నా అది నిషిద్ధమే. జిమ్‌లో హుషారు కోసమని అమ్మే మెఫెంటెర్మిన్ సూది సరేసరి, అది పొరపాటున పడేది కాదు. ఒంట్లో ఏం దొరికినా బాధ్యత అథ్లెట్‌దే అన్నది నిబంధన. తెలియక తీసుకున్నానంటే శిక్ష తగ్గే వీలుంది, కానీ అది ఒంట్లోకి ఎలా వచ్చిందో రుజువు చెయ్యాలి. 1500 మీటర్ల అమెరికా రికార్డు హోల్డర్ షెల్బీ హౌలిహన్ నాండ్రొలోన్‌తో దొరికినప్పుడు, అది పంది మాంసం ఉన్న బరీటో తినడం వల్ల వచ్చిందని లాయర్లతో స్విట్జర్లాండ్‌లోని క్రీడా కోర్టు దాకా వెళ్లి వాదించింది. అంత చేసినా 2021లో నాలుగేళ్ల నిషేధం తప్పలేదు.

దగ్గు మందుతో దొరికిన అచ్చంపేట కుర్రాడు చూపించాల్సినవి మూడు: డాక్టర్ రాసిన చీటీ, కొన్న బిల్లు, తాగిన సీసా. ఆర్ఎంపీ చీటీ రాయడు. మెడికల్ షాపులో నలభై రూపాయల సిరప్‌కు బిల్లు అడిగితే కౌంటర్ మీదివాడు తలెత్తి చూసి “ఎందుకు?” అంటాడు. సీసా ఎప్పుడో చెత్తబండిలో పోయి ఉంటుంది.